హెడ్మాస్టారి చేతిలో నిజంగా ఉన్నదెంత?

మా ఉత్తరాంధ్ర ఊళ్లలో హైస్కూలు మీద తీర్పు రెండు ముక్కల్లో తేలిపోతుంది. పదో తరగతి ఫలితాలు బాగుంటే ‘హెచ్‌ఎం గట్టోడు’, పోతే ‘హెచ్‌ఎం సరైనోడు కాడు’. టెక్కలి బస్టాండులో విన్నా, చీపురుపల్లి టీ కొట్టు దగ్గర విన్నా ఇదే వరస. ఆ మనిషి చేతిలో ఏముంది, ఏది లేదు అని మాత్రం ఎవరూ అడగరు.

లేనివి చాలా ఉన్నాయి. తన బడికి ఏ టీచరు రావాలో ఆయన ఎంచుకోలేడు, అది బదిలీల కౌన్సెలింగ్‌లో తేలుతుంది. పాఠం సరిగా చెప్పని టీచరును పంపించేయలేడు, మహా అయితే మెమో ఇస్తాడు, లేదంటే పైకి రాస్తాడు. పరీక్షల తేదీలు, మధ్యాహ్న భోజనం మెనూ, యూనిఫాం, పుస్తకాలు అన్నీ పైనుంచి వస్తాయి. ఆయనా ఒకేచోట ఐదేళ్లకు మించి ఉండడానికి లేదు. ఊరి సంగతులు ఒంటబట్టేసరికి బదిలీ. కానీ ఈ మొత్తంలో ఏది తేడా వచ్చినా సంజాయిషీ రాసుకోవాల్సింది ఆయనే. (ఆయన అని రాస్తున్నాను గానీ ఈ కుర్చీలో ఆడవాళ్లూ తక్కువేమీ లేరు. వాళ్ల కష్టాలు ఇంకాస్త ఎక్కువ.)

మరి ఉన్నదేమిటి? నన్నడిగితే ఒక్కటే: పీరియడ్. టీచరు, పిల్లలు, పాఠం ఒకే గదిలో కలిసి ఉండే ఆ ముప్పావుగంట. దాన్ని కాపాడుకోవడమే హెడ్మాస్టారి అసలు ఉద్యోగం. చిక్కేమిటంటే, ఆయన చేత చేయించే మిగతా పనులన్నీ ఆ ముప్పావుగంటనే తింటాయి.

ఒక చిన్న లెక్క వేద్దాం. ఆరు నుంచి పది దాకా తరగతికి ఒక్క సెక్షనే ఉన్న జెడ్పీ హైస్కూలు అనుకోండి. రోజుకు ఎనిమిది పీరియడ్లు, తొమ్మిది మంది టీచర్లు. ఏ గంటలో చూసినా ఐదుగురు క్లాసులో, నలుగురు స్టాఫ్ రూములో ఉంటారు. బయటినుంచి చూసేవాళ్లకు ఆ నలుగురూ ఖాళీగా కనిపిస్తారు. నోట్సులు దిద్దేది, మార్కులు ఎక్కించేది, రేపటి పాఠం చూసుకునేది అప్పుడే. ఇప్పుడు ఒకావిడ చైల్డ్ కేర్ లీవులో ఉంది. ఒకాయన ట్రైనింగ్‌కని ఓడీ (ఆన్ డ్యూటీ) మీద వెళ్లాడు. ఇంకొకరు జ్వరమని పొద్దున్నే సీఎల్ (క్యాజువల్ లీవు) మెసేజ్ పెట్టారు. మిగిలింది ఆరుగురు. ఐదు క్లాసులకు ఐదుగురు పోతే చేతిలో ఒక్కరు. అదే టైముకు మండలాఫీసు నుంచి ఫోను: ‘ఫలానా రిజిస్టరు పట్టుకుని ఎవరినైనా పంపండి సార్.’ ఆ ఒక్కరూ బండి తీస్తారు. ఇక ఎవరికైనా కడుపునొప్పి వచ్చిందా, ఏడు, ఎనిమిది తరగతులు ఒకే గదిలో కూర్చుంటాయి.

ఇందులో ఎవరి తప్పూ లేదు. ఏడాదికి 15 సీఎల్‌లు టీచరు హక్కు, మహిళలకు మరో ఐదు అదనం. ట్రైనింగులు కావాలి. ఎన్నికలు, జనగణన, విపత్తు సహాయం తప్ప వేరే పనులకు టీచర్లను వాడకూడదని విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ చెబుతోంది. ఆ మూడు మినహాయింపులే బోలెడంత పని. మార్చి పోతే ఏప్రిల్లో స్పాట్ వాల్యుయేషన్, అంటే పదో తరగతి పేపర్లు దిద్దే పని. మధ్యలో ఆటల పోటీలు, సైన్స్ ఫేర్లు, చుట్టుపక్కల బళ్ల టీచర్లు కలిసే కాంప్లెక్స్ మీటింగులు. ఒక్కొక్కటీ సబబే. అన్నీ ఒకే వారంలో వచ్చి పడితే అవస్థ పడేది ఆరో తరగతి పిల్లలు.

ఖాళీ పీరియడ్‌కు ఎవరినో ఒకరిని పంపి గండం గడుపుకోవడం అందరూ చేసేదే. లెక్కల పీరియడ్‌కు హిందీ మేడం వెళ్తే క్లాసు అల్లరి చేయకుండా ఉంటుంది, అంతవరకే. లెక్కలు మాత్రం ముందుకు కదలవు. ఓపికున్న హెచ్‌ఎం ఇక్కడ వేరే పని చేస్తాడు. మనిషి బదులు మనిషిని కాకుండా పీరియడ్ బదులు పీరియడ్ మారుస్తాడు. లెక్కల మాస్టారు సోమవారం రాలేదు, కాబట్టి ఆ పీరియడ్‌లో సోషల్ టీచరు తన పాఠమే చెప్పుకుంటుంది, బుధవారం ఆమె పీరియడ్ లెక్కలకు వెళ్తుంది. వారం తిరిగేసరికి ఏ సబ్జెక్టూ నష్టపోదు. వినడానికి సులువుగానే ఉంది. కానీ దీనికి పొద్దున్న 9 గంటలకు ముందు పావుగంట టైంటేబుల్ ముందేసుకుని కూర్చునే తీరిక కావాలి, సోషల్ టీచరుతో మాట చెల్లాలి. ఆ తీరిక ఎక్కడ పోతోందో చూడాలంటే ఆయన ఫోను చూడాలి.

టీచర్లకు ముఖం చూపించే హాజరు 2022లో వచ్చింది. పిల్లల హాజరు వేరే, భోజనం చేసేవాళ్ల సంఖ్య వేరే, కోడిగుడ్లు, చిక్కీల లెక్క వేరే. మరుగుదొడ్ల ఫొటోలు తీసి పెట్టిన రోజులూ చూశాం. ఆ తరవాత యాప్‌లన్నీ కలిపి లీప్ అని ఒక్కటి చేశారు, కొంత నయం. అయితే యాప్ కన్నా పెద్ద తలనొప్పి వాట్సాప్ గ్రూపు. ‘మోస్ట్ అర్జంట్, సాయంత్రం 4 లోగా’ అంటూ ఒక ఎక్సెల్ షీటు వస్తుంది. అందులో అడిగిన సమాచారం సగం బడుల వివరాలుండే యూడైస్ పోర్టల్‌లో ముందే ఉంటుంది. ఉన్నదాన్నే మళ్లీ అడగొద్దని గట్టిగా ఒక్క ఉత్తర్వు ఇస్తే చాలు, హైస్కూళ్లకు రోజుకో పీరియడ్ మిగులుతుందని నా లెక్క. ఆ షీటు నింపేది సాధారణంగా కంప్యూటరు బాగా తెలిసిన కుర్ర టీచరే. ఆయన లెక్కలైనా సైన్సైనా చెప్పేవాడై ఉంటాడు. బడిలో చురుకైన మనిషికే ఎక్కువ పీరియడ్లు పోవడం అక్కడ మొదలవుతుంది.

ఇక పేర్ల గొడవ. ఇది విడిగా చెప్పాలి, ఎందుకంటే బయటివాళ్లకు ఇది చిన్న పనిలా కనిపిస్తుంది. ఒక ముసలావిడ మనవడి ఆధార్ పట్టుకుని ఆఫీసు గుమ్మంలో నిలబడింది అనుకోండి. కొడుకూ కోడలూ హైదరాబాద్‌లో అపార్టుమెంటు పనికి వెళ్లారు. అడ్మిషన్ రిజిస్టరులో పిల్లాడి ఇంటిపేరు పూర్తిగా ఉంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే. రిజిస్టరులో అప్పలనాయుడు ఒకే ముక్క, ఆధార్‌లో రెండు ముక్కలు. పుట్టిన తేదీ రెండింట్లో రెండు రకాలు. ఏది సరైనదమ్మా అంటే, ‘మాకేటి తెల్సు బాబూ, బళ్లో ఏసినప్పుడు మేస్టారే రాసీసినారు’ అంటుంది. ఆవిడన్నది నిజమే.

ఆ తేడా సరిచేయకపోతే విద్యార్థికిచ్చే 12 అంకెల గుర్తింపు సంఖ్య, అదే అపార్ ఐడీ, రాదు. తల్లి ఖాతాలో పడాల్సిన డబ్బుకు అడ్డం పడొచ్చు. అన్నిటికన్నా ముఖ్యం, పదో తరగతి నామినల్ రోల్‌లో (పరీక్షకు పంపే పేర్ల జాబితాలో) ఏ తేదీ వెళ్తే అదే సర్టిఫికెట్ మీదికొస్తుంది, ఉద్యోగం నుంచి పాస్‌పోర్టు దాకా జీవితాంతం అదే నడుస్తుంది. తర్వాత దాన్ని మార్చడం మామూలు తిప్పలు కాదు. పైగా అపార్‌కు తల్లో తండ్రో అంగీకారం ఇవ్వాలి. వాళ్లు మేస్త్రీ వెంట ఏ చెన్నైకో పోయి ఉంటారు, లేదా తీరం ఊరైతే తండ్రి గుజరాత్ వీరావల్‌లో పడవ మీద ఉంటాడు. పండక్కి వాళ్లు ఊరొచ్చినప్పుడే ఈ పనులన్నీ తెమలాలి. సంక్రాంతి నాలుగు రోజులూ ఆఫీసు తలుపు తీసి ఉంచే హెచ్‌ఎంలు ఉన్నారు. వాళ్లకు ఎవరూ అవార్డు ఇవ్వరు.

మధ్యాహ్న భోజనం సంగతి. ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకు కేంద్రం, రాష్ట్రం కలిసి భరిస్తాయి, తొమ్మిది, పది తరగతుల ఖర్చు పూర్తిగా రాష్ట్రానిది. కాబట్టి ఒకే గిన్నెలో ఉడికిన అన్నానికి లెక్కలు మాత్రం విడివిడిగా రాయాలి. 2024 నుంచి దీనికి డొక్కా సీతమ్మ పేరు పెట్టారు, 2025 జూన్ నుంచి సన్నబియ్యం ఇస్తున్నారు. పిల్లలు ఎక్కువ తింటున్నారు, ఇది మంచిమాట. కానీ వండే అమ్మలకు గౌరవ వేతనం నెలకు 3,000. బిల్లు ఆలస్యమైతే కూరగాయలు అరువు తెచ్చేది వాళ్లే. ప్రభుత్వం మారితే వంట మనుషుల్ని మార్చాలని ఊళ్లో ఒత్తిడి మొదలవుతుంది. కొత్తవాళ్లు వస్తే పాతవాళ్లు గేటు దగ్గర కూర్చుంటారు. ఇద్దరూ ఇదే ఊరివాళ్లు, ఇద్దరి పిల్లలూ ఇదే బడిలో. చట్టం ప్రకారం ఎవరిది తప్పు అని హెచ్‌ఎం తేల్చబోతే ఆ రోజుకు అన్నం ఉండదు. అందుకే అనుభవం ఉన్నవాళ్లు ముందు అన్నం వండించి, తగువు తర్వాత వింటారు. వడ్డించే ముందు రుచి చూడటం నిబంధన. దాన్ని రిజిస్టరులో సంతకంగా కాకుండా నిజంగా పళ్లెం పెట్టుకుని పిల్లలతో తినేవాళ్ల బళ్లలో వంట దానంతట అదే బాగుపడుతుంది.

డబ్బు లెక్కలు ఇంకో వైపు. గెజిటెడ్ హెచ్‌ఎం తన బడికి డీడీఓ. అంటే జీతాల బిల్లులు, ఇంక్రిమెంట్లు, సర్వీసు రిజిస్టర్లు, ఇన్‌కంటాక్స్ అన్నీ ఆయన సంతకంతోనే నడవాలి. గుమస్తా లేని హైస్కూళ్లు మన శ్రీకాకుళం, విజయనగరం రెండు జిల్లాల్లోనూ ఉన్నాయి. అక్కడ ఈ పనంతా హెచ్‌ఎం, ఆయనకు సాయం వచ్చే ఒక టీచరు. మళ్లీ పీరియడే పోయింది. బడి ఖర్చులకు సమగ్ర శిక్ష పథకం గ్రాంటు పిల్లల సంఖ్యను బట్టి ఉంటుంది. 101 నుంచి 250 మంది ఉంటే ఏడాదికి 50,000, 251 నుంచి 1,000 మంది ఉంటే 75,000 వరకు. కరెంటు, ఇంటర్నెట్, సుద్దముక్కలు, బోరు మోటారు రిపేరు అన్నీ అందులోనే సర్దుకోవాలి. అదీ ఒకేసారి రాదు. మోటారు మాత్రం గ్రాంటు వచ్చేదాకా ఆగి కాలిపోదు కదా. హెచ్‌ఎం జేబులోంచి పెట్టి, తర్వాత బిల్లు పెట్టుకుంటాడు. కొన్నిసార్లు పెట్టుకోడు.

ఇన్నిటి మధ్య పదో తరగతి.

సబ్జెక్టుకు 35 మార్కులొస్తే పాస్. వంద రోజుల ప్రణాళిక, పొద్దున్న, సాయంత్రం స్పెషల్ క్లాసులు, వెనకబడిన పిల్లల్ని టీచర్లకు దత్తత ఇవ్వడం, వారం వారం సమీక్ష. ఇవి పనిచేయవని అనను, అంచున ఉన్న పిల్లల్ని ఒడ్డెక్కిస్తాయి. కానీ బడిలోని శ్రద్ధంతా ఒక్క గదిలోకి పోతుంది. బాగా చెప్పే లెక్కల మాస్టారిని పదికి కేటాయిస్తారు, ఆరుకూ ఏడుకూ ఎవరు దొరికితే వాళ్లు. ఆరో తరగతిలో భాగాహారం రాని పిల్లాడు నాలుగేళ్ల తర్వాత దత్తతకు వస్తాడు. అప్పుడు వంద రోజుల్లో ఐదేళ్ల బాకీ తీర్చాలి. ప్రతి ఏడూ ఇదే తంతు. నా ఉద్దేశంలో హెచ్‌ఎం ధైర్యం తెలిసేది ఇక్కడే: మంచి లెక్కల టీచరుకు ఆరో తరగతిలో ఒక్క పీరియడైనా వేశాడా లేదా. వేస్తే ఆ ఏడాది సమీక్షలో నాలుగు మాటలు పడాల్సి రావచ్చు. ఫలితం కనిపించేనాటికి ఆయన ఇంకో బడిలో ఉంటాడు.

పార్వతీపురం మన్యం జిల్లా సంగతి ఇక్కడ గుర్తు చేయాలి. 2022 ఏప్రిల్ 4న మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లోంచే అది విడిపోయింది. పదో తరగతి ఫలితాల్లో 2023, 2024, 2025 మూడేళ్లూ రాష్ట్రంలో మొదటి స్థానం దానిదే. 2024లో 96.37 శాతం, 2025లో 93.90. ‘కొండల్లో వాళ్లకు సాధ్యమైంది, మీకెందుకు కాదు’ అని మైదానం హెచ్‌ఎంలను మీటింగుల్లో నిలదీయడం తేలిక. టీచర్ల కష్టాన్ని తక్కువ చేయను. అయితే అక్కడ సీతంపేట, పార్వతీపురం ఐటీడీఏల (గిరిజనాభివృద్ధి సంస్థల) కింద ఆశ్రమ పాఠశాలలు చాలా ఉన్నాయి. పిల్లలు రాత్రి కూడా బడిలోనే ఉంటారు. చదివించే మనిషి పక్కనే ఉంటాడు. రణస్థలం దగ్గరి డే స్కూలు పిల్లాడు సాయంత్రం బెల్లు కొట్టాక ఎక్కడుంటాడో హెచ్‌ఎం చేతిలో లేదు. అమ్మ షిఫ్టు నుంచి వచ్చేదాకా చెల్లెల్ని చూసుకుంటాడో, సెంటర్లో ఫోను పట్టుకుని కూర్చుంటాడో. ఈ రెండు రకాల బళ్లనూ ఒకే కొలతతో కొలిస్తే కొలిచేవాళ్లకు తప్ప ఎవరికీ ఉపయోగం లేదు.

పిల్లల సంఖ్య ఇంకో ముడి. సంఖ్యను బట్టే టీచరు పోస్టులు. పిల్లలు తగ్గితే పోస్టు మిగులు కింద తేలి వేరే బడికి పోతుంది. టీచరు పోతే ఊళ్లోకి కాన్వెంటు బస్సు వస్తుంది. బస్సు వస్తే ఇంకో పదిమంది తగ్గుతారు. 2022లో జీవో 117తో మూడు, నాలుగు, ఐదు తరగతులను కొన్నిచోట్ల హైస్కూళ్లలో కలిపారు, 2025లో ఆ విధానాన్ని తీసేశారు. రెండు మార్పులకూ వాదనలున్నాయి. కిందనున్న హెచ్‌ఎం మాత్రం ఆ మూడేళ్లలో ఎనిమిదేళ్ల పిల్లలకు పొట్టి బెంచీలు వెతికి, ఆ తర్వాత అవి ఎవరికిచ్చాడో రాసి పెట్టుకున్నాడు. వేసవిలో ఇంటింటికీ తిరిగి అడ్మిషన్లు అడిగే టీచర్లను చూసి నవ్వేవాళ్లున్నారు. వాళ్లు అడుగుతున్నది తమ పోస్టునే కాదు, ఆ బడిలో మిగిలిన పిల్లల లెక్కల టీచరును కూడా.

కొన్ని విషయాల్లో హెచ్‌ఎంకు సర్దుబాటు అనే మాటే ఉండకూడదు. తొమ్మిదో తరగతి అమ్మాయి రెండు వారాలుగా రావడం లేదు. స్నేహితురాళ్లు గుసగుసలాడుకుంటున్నారు. పెళ్లి కుదిరిందని ఊళ్లో అందరికన్నా ముందు హాజరుపట్టీయే చెబుతుంది. 18 ఏళ్లు నిండకుండా పెళ్లి చేయడం 2006 చట్టం ప్రకారం నేరం. పిల్లల హెల్ప్‌లైన్ 1098కు ఫోను చేస్తే అధికారులు వస్తారు. మర్నాడు ఆ అమ్మాయి పెద్దలే బడి గేటు దగ్గరికి వస్తారు. ‘మా ఇంటి సంగతి మీకెందుకు మేస్టారూ’ అంటారు. బడి కమిటీలో ఉన్నవాళ్లు వాళ్ల బంధువులే అయి ఉండొచ్చు. పిల్లల మీద లైంగిక వేధింపు జరిగినట్టు తెలిస్తే ఇంకా గట్టి నియమం ఉంది. పోక్సో చట్టం కింద పోలీసులకు చెప్పి తీరాలి. తన కింద పనిచేసేవాళ్ల నేరాన్ని దాచిన సంస్థ అధిపతికి ఏడాది దాకా జైలు. ‘బడి పరువు పోతుంది సార్, లోపల చూసుకుందాం’ అనే సలహా స్టాఫ్ రూములోంచే వస్తుంది. దాన్ని వినకూడదు. మిగతా విషయాల్లో పదిమందినీ కలుపుకుపోయే హెచ్‌ఎం ఇక్కడ ఒంటరిగా నిలబడాలి. ఈ ఉద్యోగంలో అన్నిటికన్నా కష్టమైన పని ఇదేనంటాను.

అక్టోబరు మన తీరానికి వేరే పరీక్ష. ఫైలిన్ 2013 అక్టోబరు 12, హుద్‌హుద్ 2014 అక్టోబరు 12, తిత్లీ 2018 అక్టోబరు 11. తుపాను హెచ్చరిక వస్తే బడి తాళాలు రెవెన్యూ వాళ్లకు ఇవ్వాలి, క్లాసు గదులు పునరావాస కేంద్రాలవుతాయి. నీళ్లు తీశాక గదులు కడిగించుకుని, పోయిన రోజులను రెండో శనివారాల్లో వెతుక్కోవాలి. శ్రీకాకుళం తీరంలోని ఉద్దానంలో తిత్లీకి జీడితోటలు, కొబ్బరి పడిపోయాక చాలా కుటుంబాలు పనికోసం ఊరు విడిచాయి. పిల్లల లెక్క మీద ఆ దెబ్బ సెలవులతో తీరేది కాదు.

ఇంత పనికి ఆ మనిషిని ఎలా తయారు చేస్తున్నాం? ఇరవై, పాతికేళ్లు స్కూల్ అసిస్టెంటుగా భౌతికశాస్త్రమో తెలుగో చెప్పినవాళ్లు సీనియారిటీ మీద, డిపార్ట్‌మెంటల్ పరీక్షలు పాసై హెచ్‌ఎం అవుతారు. ఆ పరీక్షలు రూల్సు, అకౌంట్లు నేర్పుతాయి. అలిగిన టీచరుతో ఎలా మాట్లాడాలో, సర్పంచికి కాదని ఎలా చెప్పాలో నేర్పవు. ఢిల్లీలోని జాతీయ విద్యా ప్రణాళిక సంస్థ నీపాలో పాఠశాల నాయకత్వానికి ఒక జాతీయ కేంద్రమే ఉంది. దాని పాఠాలు మండలానికి చేరేసరికి ఒక పీపీటీ, ఒక భోజనం ప్యాకెట్ అవుతాయి. కొత్త హెచ్‌ఎంను జూన్‌లో ఒక నెల పాటు మంచి బడి నడిపిన పాత హెచ్‌ఎం పక్కన కూర్చోబెడితే ఇంతకన్నా ఎక్కువ నేర్చుకుంటారు.

పోస్టు ఖాళీగా ఉంటే మరీ ఇబ్బంది. సీనియర్ స్కూల్ అసిస్టెంటుకు ఇన్‌ఛార్జి ఇస్తారు. నిన్నటిదాకా పక్క కుర్చీలో టీ తాగిన తోటివాళ్లకు ఇవాళ సీఎల్ కాదనాలి. అది ఆయన వల్ల కాదు, పాపం. పనులు మాత్రం పూర్తి హెచ్‌ఎంకు ఉన్నవే, పైగా తన సబ్జెక్టు పీరియడ్లు తనకే ఉంటాయి. ఆఫీసు పని వచ్చినప్పుడల్లా ముందు పోయేవి అవే. ఆ బడిలో ఇన్‌ఛార్జి లెక్కల టీచరైతే, ఆ ఏడాది లెక్కల ఫలితాలు ఎందుకు తగ్గాయని విచారణ చేయక్కర్లేదు.

ఇప్పుడు మెగా పేరెంట్ టీచర్ మీటింగులు జరుగుతున్నాయి, బడి కమిటీల్లో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే, మొత్తం సభ్యుల్లో సగం మహిళలు. వెళ్లినప్పుడు పదో తరగతి శాతం ఎలాగూ చెబుతారు. దాంతోపాటు ఒక రిజిస్టరు అడగండి. ఏ పీరియడ్‌కు ఎవరు రాలేదు, బదులు ఎవరు వెళ్లారు అని రోజూ రాసే సర్దుబాటు పుస్తకం చాలా బళ్లలో ఉంటుంది. దాన్ని కోపంగా కాకుండా నెమ్మదిగా తిరగేయండి. ఒకే సబ్జెక్టు మళ్లీ మళ్లీ కనిపిస్తే ఆ టీచరు మీద ఎగరకండి, ఆ రోజుల్లో ఆయన ఎక్కడికి వెళ్లాడో చూడండి. సెలవులు తక్కువ, ఓడీలు ఎక్కువ ఉంటే ఆ పేజీలు ఫొటో తీసి, కమిటీ తీర్మానంతో జిల్లా విద్యాధికారి (డీఈఓ) ఆఫీసుకు పంపండి. హెచ్‌ఎం పంపితే అది ఫిర్యాదు అవుతుంది. మీరు పంపితే జవాబు చెప్పాల్సిన కాగితం అవుతుంది.